దారం కొలత

కల్వకుర్తి
3 జూలై 1962

అక్క లక్ష్మీనర్సమ్మకు తమ్ముడు రాజం దండాలు.

రెండేళ్ల తర్వాత ఉత్తరమేమిటని ముందు ఆశ్చర్యపడు, తర్వాత తిట్టు, ఆ తర్వాత చదువు. ఈ మూడూ నువ్వు ఒక్కసారే చేయగలవని నాకు తెలుసు. బావకు ఉర్దూ తప్ప తెలుగు అక్షరం రాదు కాబట్టి ఆయనకు చదివి వినిపించేది నువ్వే. పని సంగతి ఉన్నచోట మాత్రం నీ సొంత మాటలు కలపకు.

ఇక్కడ చిన్న దవాఖాన డాక్టరమ్మ గారి వ్యాను నా షెడ్డులో ఉంది. గేరుబాక్సు దించాను. షాఫ్టు కొసన ఒక బేరింగు పట్టేసి కూర్చుంది. పుల్లరు వేసి లాగితే లోపలి రింగు, గోళీలు ఊడి వచ్చాయి. బయటి రింగు మాత్రం గుంతలోనే ఉండిపోయింది. పుల్లరు కాళ్లకు ఇక పట్టు దొరకడం లేదు. ఉలితో కొడితే ఉలి మొన వంగింది కానీ రింగు కదల్లేదు. ఇలాంటివి బావ చేతిలో వంద చూశాను. బావ ఏమంటాడో అడిగి రాయి.

వానలు సరిగా లేవు. షెడ్డు వెనక గదిలోనే కాపురం, రేకుల కింద ఉడికిపోతున్నాం. కౌసల్య బాగానే ఉంది. ఏడో నెల దాటబోతోంది.

ఉత్తరంలో దారం ముక్క ఒకటి పెట్టాను. ముడి దాకా కొలత. బావకు చూపించు, ఏం కావాలో చూడగానే ఆయనకు తెలుస్తుంది. విడిచి వచ్చిన వాణ్ని, నోరు తెరిచి అడగడానికి నాకు ముఖం లేదు.

బావ కోపం తగ్గిందో లేదో కూడా రాయి.

నీ తమ్ముడు
రాజం

*

నల్గొండ
8 జూలై 1962

తమ్ముడు రాజం పదికాలాలు చల్లగా ఉండాలని అక్క రాసేది.

నువ్వు చెప్పిన వరసలోనే చేశాను. తిట్టు దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగాను.

మీ బావ కోపం సంగతి అడిగావు. కోపం చేయడానికి ఆయన లేచి నిలబడితే కదా! జాకీ జారి లారీ ఇరుసు కాలి మీద పడింది. పదిహేను రోజులైంది. తొడ దాకా కట్టు కట్టి మంచంలో వేశారు. నీకు రాస్తానంటే "ఆనికెందుకు, ఆని పని ఆడు చేసుకోనీ" అన్నాడు. ఆ మాట అని, నీ ఉత్తరం వచ్చిందనగానే దిండు ఎత్తుగా పెట్టమన్నాడు. అదీ మీ బావ.

పని సంగతి చదివి వినిపించాను. నా మాట ఒక్కటి కలపలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "గేరుబాక్సు షాఫ్టుకు ఎనుక దిక్కు దారి ఉంటది. ఎనుక నుంచి కడ్డీ పెట్టి నాలుగు దెబ్బలు కొట్టుమను. గిది కూడ మర్సిపోయిండా? ఆరేండ్లు నా తాన ఏం నేర్సిండు?" అన్నాడు.

ఇక నా సంగతి. కౌసల్య మీ బావకు ఒక్కతే చెల్లెలు. తల్లి లేదు. మనవి కుండమార్పిడి పెళ్లిళ్లు. నేను ఈ ఇంటికి వచ్చాను, ఆమె మన ఇంటికి వచ్చింది. ఆమెకు పుట్టిల్లంటే నా ఇల్లే. ఎనిమిదో నెల పడితే కడుపుతో ఉన్న మనిషిని పొలిమేర దాటించరు. ఏడో నెల దాటబోతోందని నువ్వే రాస్తున్నావు, పంపుతానన్న మాట మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. వచ్చే ఆదివారంలోగా బస్సెక్కించు.

ఇంకొకటి. ఆ దారం చూసి నా గుండె ఆగిపోయింది. నీకు బుద్ధి ఉందా? పుట్టని బిడ్డకు కడియాల కొలత పంపుతావా? మేనమామ వెండి కడియాలు పెట్టాలని మాకు తెలియదా? బిడ్డ భూమ్మీద పడి, పదకొండు రోజులు దాటి, పేరు పెట్టాక కదా కొలత తీసేది! పోయినసారి ఏం జరిగిందో మరిచిపోయావా? మీ బావ కళ్లబడితే కుమిలిపోతాడని ఆయనకు చూపించకుండా దాన్ని పొయ్యిలో వేశాను. కడుపులో ఉన్నదానికి ఏదీ ముందు కొనకు, కొలవకు.

కౌసల్యకు చింతపండు తొక్కు కలిపి ఉంచాను. వచ్చి తినమను.

అక్క

*

కల్వకుర్తి
13 జూలై 1962

అక్కకు,

బావ కాలు సంగతి చదివి పొద్దంతా మనసు బాగాలేదు. ఆ జాకీ మార్చమని నేనున్నప్పుడే మొత్తుకున్నాను. సరే, ఇప్పుడు అనుకుని లాభమేమిటి.

దారం పొయ్యిలో వేశావా అక్కా! అది ఏ బిడ్డ చేతి కొలతా కాదు. గుంతలో ఉండిపోయిన రింగు లోపలి కైవారం. ఆ కైవారానికి సరిగ్గా సరిపోయే ఉక్కు కడ్డీ బావ పెట్టెలో ఉంటుందేమో పంపుతాడని ఆశపడ్డాను. కడ్డీ అడగడానికి నాకు నామోషీ. దారం చూస్తే ఆయనే పంపుతాడనుకున్నాను.

వెనక నుంచి కొట్టమన్నాడు. వెనక దారి ఉంటే నీకు ఉత్తరం ఎందుకు రాస్తాను? ఇది గేరుబాక్సులోది కాదు, ఇంజను వైపు క్రాంకు షాఫ్టు కొసన ఉండేది. వెనకంతా ఇనుము, మూసిన గుంత. ముందు నుంచి పెట్టారు, ముందు నుంచే రావాలి. నేను సరిగా రాయలేదు, తప్పు నాదే. రింగు తీయకుండా కొత్తది పడదు, కొత్తది పడకుండా గేరుబాక్సు ఎక్కదు. అందుకే పది రోజులుగా బండి నా ముందు విప్పి పడుంది.

కౌసల్యను ఇప్పుడు నీ ఇంటికి పంపలేను. కారణం అడగకు. బావకు నచ్చజెప్పు.

కొలత మళ్లీ తీసి పంపుతున్నాను. దీన్నైనా పొయ్యిలో వేయకు.

రాజం

*

నల్గొండ
17 జూలై 1962

రాజానికి,

నీ కవరులో దారం లేదు. పెట్టడం మరిచావో, దారిలో జారిందో నాకు తెలియదు. మళ్లీ నా మీదికే రాకు.

కౌసల్యను నా ఇంటికి పంపలేనని రాశావు. కారణం అడగొద్దన్నావు. అడగను, నాకు తెలుసు. పోయినసారి కాన్పు ఈ ఇంట్లోనే అయింది. నొప్పులు మొదలైన పూట కాస్త ఆగుదాం, ఇవి కాన్పు నొప్పులు కావని అన్నది నేనే. మంత్రసాని వచ్చేసరికి ఆలస్యమైంది. బిడ్డను నా చేతుల్లోనే పెట్టింది. ఏడుస్తాడేమోనని వీపు నిమురుతూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. నువ్వు ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. కౌసల్య కూడా అనలేదు. నెల తిరగకుండా మూటలు కట్టుకుని కల్వకుర్తికి పోయారు. అనకపోతే నాకు అర్థం కాదనుకున్నారా?

మగ్గం మీద కూర్చున్నా, పొయ్యి ముందు కూర్చున్నా అదే తలపు. ఈసారి నా కంటిపాపలా చూసుకుంటానని మొక్కుకున్నాను. నువ్వు ఆ దారి కూడా మూసేశావు. మంచిది.

నీ పని సంగతి. క్రాంకు షాఫ్టు అనగానే మీ బావ ముఖం మారిపోయింది. "ఆ బండి నడుస్తాందా, ఆగిపోయి వచ్చిందా?" అని అడిగాడు. నాకేం తెలుసు? "క్లచ్చి తొక్కితే కూత వస్తది, అంతే. గా బేరింగు పాడైనా బండి ఆరు నెలలు నడుస్తది. నడిచే బండిని ఎందుకు ఇప్పిండు? డాక్టరమ్మ ముంగట ఉస్తాదునని సూపెట్టుకోనీకా? నడిచే బండిని ఇప్పద్దని నేను ఆనికి మొదటి రోజు చెప్పిన" అని గోడవైపు తిరిగాడు. కడ్డీ లేదు, సలహా లేదు.

నేనింతే రాయగలను.

లక్ష్మీనర్సమ్మ

*

కల్వకుర్తి
21 జూలై 1962, పొద్దున

అక్కా,

దేవరకొండ మీదుగా నల్గొండ వచ్చే బస్సు కండక్టరు మైసయ్య చేతికి దీన్ని ఇస్తున్నాను. తపాలాలో వేస్తే మూడు రోజులు. నాకు మూడు రోజులు లేవు.

కౌసల్య ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టున పెడుతున్నాను. నువ్వు రాసిన ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. విని ఏడ్చింది. "వదిన గట్ల అనుకుంటాందా? నేను నోరు మూసుకునుడు తప్పయింది. రాసెయ్యి" అంది.

జూన్ ఆఖరు వారంలో ఆమెకు నొప్పి లేకుండా రక్తం పోయింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, బిడ్డ కంటే కిందికి మాయ ఉందని చెప్పింది. మంచం దిగకూడదు. బస్సు కుదుపు తగలకూడదు. మళ్లీ రక్తం కనబడితే ఇక్కడ ఎవరి చేతిలోనూ లేదు, పడుకోబెట్టి పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి, కోసి బిడ్డను తీయాలి. ఆలస్యమైతే ఇద్దరూ దక్కరని నన్ను బయటికి పిలిచి చెప్పింది. అందుకే పంపలేదు అక్కా. పోయినసారి బిడ్డ నీ వల్ల పోయాడని ఏనాడూ అనుకోలేదు. ఆ ఇంట్లో ఆ మూల చూడలేక వచ్చేశాం, నిన్ను చూడలేక కాదు. అది నోరు తెరిచి చెప్పకపోవడం నా తప్పు. తన అన్న పోయినసారి షెడ్డు నేల మీద కూర్చుని ఏడ్చాడని, ఈసారి అంతా అయ్యాకే చెప్పాలని కౌసల్య పట్టుబట్టింది.

ఇక బండి సంగతి. బావ అన్నది నిజం. అది నడిచే బండి. ఈ చుట్టుపట్ల మనిషిని పడుకోబెట్టి తీసుకుపోయేది అదొక్కటే. క్లచ్చి తొక్కితే కూత వచ్చేది. యాభై మైళ్ల దారిలో, కౌసల్య లోపల ఉండగా, ఆ కూత ముదిరి బండి నిలిచిపోతే? ఆ ఆలోచనతో నాకు అన్నం దిగలేదు. రెండు రోజుల పని అని డాక్టరమ్మ కాళ్లావేళ్లా పడి నేనే విప్పాను. డ్రైవరు ఏసోబు వద్దన్నాడు. "నడుస్తాంది గదనే, దాని జోలికెందుకు పోతవ్?" అన్నాడు. నేను వినలేదు. ఆమెను బతికించే బండిని నా చేతులతో నేనే ముక్కలు చేసి పెట్టాను అక్కా. ఉస్తాదునని చూపించుకోవడానికి కాదు, భయంతో విప్పాను. బావతో ఈ ఒక్క మాట చెప్పు.

పట్నం నుంచి బండి పంపమని డాక్టరమ్మ రెండు ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. ఊళ్లో ఉన్న ఒక్క కారు దాని యజమానితో పాటు పట్నంలోనే ఉంది. లారీలో తీసుకుపోతానంటే డాక్టరమ్మ కళ్లెర్రజేసింది.

గ్రీజు ఉపాయం బావ చేయగా చూశాను. రింగు వెనక గుంత నిండా గ్రీజు కూరి, సరిపోయే కడ్డీ పెట్టి కొడితే, పోయేందుకు దారి లేక గ్రీజే రింగును ముందుకు తోస్తుంది. అలాగే చేశాను. నా దగ్గరున్న కడ్డీ సన్నం. కొట్టగానే గ్రీజంతా పక్కల నుంచి నా ముఖాన చిమ్మింది. పదిసార్లు నింపాను, పదిసార్లు చిమ్మింది. లావు కడ్డీ చెక్కించుకుందామంటే ఈ ఊళ్లో లేతు మిషను లేదు. కడ్డీకి రేకు చుట్టాను, చిరిగిపోయింది. గుడ్డ చుట్టాను, ఊడి లోపలే ఉండిపోతే తీయడానికి ఒక పూట పట్టింది.

గోడ అవతలే కౌసల్య మంచం. ప్రతి సుత్తె దెబ్బా ఆమెకు వినబడుతుంది. నిన్న నేను కొట్టడం మానేసి గడపలో కూర్చుంటే లోపల నుంచి పిలిచింది. "సప్పుడు ఆగితే నాకు బుగులైతాంది. కొట్టు" అంది. లేచి మళ్లీ కొట్టాను. ఏమీ కాదని తెలిసి కొట్టాను.

రాత్రికి రాత్రి బావను లేవమని అనలేను. కడ్డీ ఉంటే పంపమను. లేకపోతే ఇంకేం చేయాలో చెప్పమను. నన్ను తిట్టాలనుంటే తర్వాత జీవితమంతా తిట్టమను.

నీ తమ్ముడు

ఈసారి ముడి వేసిన దారం ఉత్తరానికే కుట్టాను, చూసుకో.

*

నల్గొండ
21 జూలై 1962

నాయినా రాజం,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. మైసయ్య బస్సు దిగి పరుగున వచ్చి ఇచ్చాడు. వానలో తడిసి నువ్వు కుట్టిన చోట కాగితం చిరిగి ఉంది. దారం లేదు. మూడోసారి కూడా ఆ దారం నాకు దక్కలేదు. దాని గురించి తర్వాత రాస్తాను.

మీ బావకు చదివి వినిపించాను. కౌసల్య సంగతి దగ్గర నేను ఆగితే "సదువు" అని గద్దించాడు. అంతా విని కట్టు కట్టిన కాలు మంచం మీది నుంచి దించబోయాడు. నేనూ పక్కింటివాళ్లూ పట్టుకుని ఆపాం. "నా చెల్లెకు రక్తం పోతాంటె నేను గోడ దిక్కు తిరిగి పన్నానే" అని తల బాదుకున్నాడు. తర్వాత పనిముట్ల పెట్టెను దగ్గరికి లాగమన్నాడు. పెట్టెలోని కడ్డీలన్నీ మంచం మీద పోయించాడు.

అప్పుడు కొలత అడిగాడు. నేనేం చెప్పను? పొయ్యిలో వేసినదాన్ని!

కానీ రాజం, నేను నేసేదాన్ని. నూలు చేతికి వస్తే వేలికి చుట్టి చూడనిదే కింద పెట్టను. పొయ్యిలో వేసే ముందు ఆ దారాన్ని కూడా చుట్టి చూశాను. చూపుడు వేలు, నడిమి వేలు కలిపి ఒక చుట్టు, పైన గోరంత మిగిలింది. పసిబిడ్డ చెయ్యి ఇంతే ఉంటుందా అని ఏడ్చాను కూడా. నా వేళ్లకు అది గుర్తుంది. మళ్లీ చుట్టి మీ బావకు చూపించాను. "గా సైజు నా తాన లేదు" అని తెగిన ఇరుసు ముక్క ఒకటి తీశాడు. అది నా వేళ్లకంటే కొంచెం సన్నం.

"మీద నూలు చుడతాను" అన్నాను. "గుడ్డ చుడితెనే ఊడిందట, నూలు ఆగుతదా?" అన్నాడు. గుడ్డ వేరు, కండె వేరు అన్నాను. నాడెలో పెట్టే నూలు చుట్టిన కండె రోజంతా మగ్గం మీద అటూ ఇటూ దెబ్బలు తింటుంది, ఎప్పుడైనా ఊడిందా? పోగు పక్కన పోగు, వరస మీద వరస అడ్డంగా, ప్రతి వరసకూ గంజి. ఆయన నా ముఖం చూసి "సుట్టు" అన్నాడు. ఇరుసు ముక్క నా చేతికిస్తూ "ఎన్కట బాయి పంపుల కడ్డీకి గూడ నూలే సుడుతుండిరి" అన్నాడు.

సాయంత్రం దాకా చుట్టాను. పొయ్యి సెగకు తిప్పుతూ ఎండబెట్టాను. కావాలనే రెండు వరసలు ఎక్కువ చుట్టాను. నువ్వు పైనుంచి పోగు విప్పుకుంటూ రింగులో బిగువుగా దిగే దాకా సరిచూసుకో. కొస ఎక్కడుందో తెలియడానికి ఎర్ర పోగు కట్టాను.

ఇక మీ బావ మాటలు. నేనేమీ కలపడం లేదు. "గ్రీజుల గాలి ఉండద్దు. ఏలుతోటి ఒత్తి ఒత్తి నింపు. గాలుంటే దెబ్బ గాలే తింటది. కడ్డీ నిటారుగ ఉండాలె, ఏసోబును పట్టుకొమ్మను. పెద్ద సుత్తె తీస్కో. సిన్న దెబ్బలు పది కాదు, ఒక్కటే దెబ్బ, గుండె నిబ్బరంతోటి. కదలకుంటె గ్రీజు మల్ల నింపు, మల్ల కొట్టు. కోపంల కొట్టకు." ఇంకొకటి కూడా చెప్పాడు, రాయొద్దన్నాడు, అయినా రాస్తున్నాను. "బుగులుతోటి ఇప్పిండంటే నేను గూడ ఇప్పుతుంటి" అన్నాడు.

కడ్డీ రేపు పొద్దున మొదటి బస్సుకు మైసయ్య చేతికిస్తున్నాను. నేనే రావాలి. ఈయన మంచం మీద, ఎవరికి అప్పగించి రాను? నా బదులు ఆ కడ్డీ వస్తుందనుకో.

కౌసల్యకు చెప్పు. నేనేమీ మనసులో పెట్టుకోలేదు.

అక్క

*

కల్వకుర్తి దాటాక, రోడ్డు పక్క
23 జూలై 1962

అక్కా,

ఏసోబు రేడియేటరులో నీళ్లు పోస్తున్నాడు. ఈ నాలుగు ముక్కలు వ్యానులో కూర్చుని రాస్తున్నాను. ఎదురు బస్సు వాళ్లకిస్తే మైసయ్యకు చేరుతుంది.

నీ కడ్డీ నిన్న పొద్దెక్కాక అందింది. ఎర్ర పోగు పట్టుకుని ఒకటిన్నర వరస విప్పాను, రింగులో బిగిసింది. గాలి లేకుండా గ్రీజు ఒత్తాను. మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. కానీ గ్రీజు చిమ్మలేదు. ఒక్క చుక్క బయటికి రాలేదు అక్కా. ఏసోబు నా ముఖం చూశాడు, నేను ఏసోబు ముఖం చూశాను. రెండో దెబ్బకు చప్పుడు మారింది. గ్రీజు మళ్లీ నింపాం. నాలుగో దెబ్బకు రింగు వడ్లగింజంత ముందుకొచ్చింది. అప్పుడే లోపల నుంచి మంత్రసాని గుర్వమ్మ కేక వేసింది. మళ్లీ రక్తం.

ఆ తర్వాత ఎన్ని దెబ్బలు కొట్టానో తెలియదు. కోపంలో కొట్టొద్దన్న బావ మాట ఒక్కటే గుర్తుంచుకున్నాను. రింగు ఊడి నా కాళ్ల మీద పడింది. నూలు మొన చీరుకుపోయింది కానీ కడ్డీని విడవలేదు. కొత్త బేరింగు వేసి, గేరుబాక్సు ఎక్కించి, బోల్టులు బిగించేసరికి ఈ పొద్దు తెల్లవారింది. అప్పటిదాకా డాక్టరమ్మ కౌసల్య కాళ్ల కింద ఇటుకలు పెట్టి, పక్కనే కూర్చుని కాచింది. ఇప్పుడూ వెనకే ఉంది, నాడి పట్టుకుని.

క్లచ్చి తొక్కితే కూత లేదు. కౌసల్య ముఖంలో రక్తం లేదు. "బండి మంచిగ నడుస్తాందా?" అని అడిగింది. అవునన్నాను. ఏసోబు పిలుస్తున్నాడు.

*

నల్గొండ
29 జూలై 1962

రాజం,

నువ్వెక్కడున్నావో తెలియదు. షెడ్డుకే రాస్తున్నాను. మైసయ్య ఏసోబుకు చేరుస్తానన్నాడు.

ఆరు రోజులైంది. ఒక కార్డు లేదు, తంతి లేదు. తపాలా అతను వీధిలోకి వస్తే మీ బావ కళ్లు మూసుకుంటున్నాడు. తంతి అయితే మంచి వార్త కాదని నాకు కూడా భయమే. వాకిట్లో సైకిలు గంట మోగితే నా చేతిలోని పోగు తెగిపోతోంది. నిన్న ఒక్క రోజే పదకొండు చోట్ల అతికాను.

ఈ ఆరు రోజులూ ఒకటే ఆలోచన. ముందే కొలిస్తే కీడని ఆ దారాన్ని పొయ్యిలో వేశాను. వేయకుండా మీ బావకు చూపించి ఉంటే, ఆయనకు ఆ రోజే అర్థమై ఉంటే, పదిహేను రోజుల ముందే ఆ రింగు వచ్చేది. పోయినసారి ఆగుదామన్నాను. ఈసారి పొయ్యిలో వేశాను. రెండుసార్లూ నేనే ఆలస్యం చేశాను. కీడు కొలవడంలో లేదు తమ్ముడూ, నా భయంలో ఉంది.

అందుకని ఒక పని చేశాను. నిన్న కంసాలి దగ్గరికి పోయి రెండు వేళ్లు చూపించాను. ఒక చుట్టు, పైన గోరంత. నా కాళ్ల వెండి పట్టాలు కరిగించి కడియాలు చేయించాను. ఏ వార్తా రాకముందే చేయించాను. "బిడ్డ ఎప్పుడు పుట్టింది?" అని కంసాలి అడిగాడు. తెలియదన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. మీ బావకు చూపిస్తే చేతిలోకి తీసుకుని అలాగే పట్టుకుని పడుకున్నాడు. వాటిని పంపడానికి ఆయన పిడికిలి విప్పించాల్సి వచ్చింది.

మంచి వార్త అయినా, కాకపోయినా రాయి. రాయకుండా మాత్రం ఉండకు. అది మనిద్దరికీ చేసిన కీడు చాలు.

అక్క

*

పట్నం, పెద్ద దవాఖాన
2 ఆగస్టు 1962

అక్కకు, బావకు,

మూడుసార్లు కార్డు కొన్నాను. మొదటి రోజు కౌసల్య దక్కదన్నారు. రెండో రోజు బిడ్డ దక్కదన్నారు. ఏది రాసినా మర్నాటికి అబద్ధమవుతుందేమోనని, నిజమవుతుందేమోనని, రాయలేదు. నా పాత అలవాటే. ఇక మానేస్తాను.

ఆడపిల్ల. కోసి తీశారు. రక్తం సరిపోకపోతే ఏసోబు చెయ్యి చాపాడు. కౌసల్య మొన్న కళ్లు తెరిచింది, నిన్న గంజి తాగింది. ఇక ముందు కాన్పు లేదని చెప్పారు. ఆమె తల ఊపింది అంతే. "అన్న కాలు ఎట్లున్నది?" అన్నదే కళ్లు తెరిచాక మొదటి మాట.

పాప నాలుగు పౌన్లు కూడా లేదు. దూదిలో చుట్టి పెట్టారు. ఏడుపు సన్నగా ఉంది కానీ, ఏడుస్తోంది అక్కా. నిన్న నన్ను పట్టుకోనిచ్చారు. గ్రీజు మరకలు పోలేదు, ఈ చేతులతో ఎలా అంటే నర్సు నవ్వి ఒళ్లో పెట్టింది.

నీ పొట్లం ఏసోబు ఇవాళ తెచ్చాడు. కడియాలు కౌసల్య దిండు మీద పెట్టాను. చాలాసేపు చూసింది. తనే పాప చేతికి తొడిగింది. నిలవలేదు, మోచెయ్యి దాటి భుజం దాకా పోయింది. తీసి కొంగుకు ముడి వేసుకుంది.

చిన్నవి చేయించకు. పెరుగుతుంది.

రాజం